పదకొండో క్రేన్

గ్దీనియా రేవులో మంచు అడ్డంగా కురుస్తుంది.
మా కిటికీలోంచి చూస్తే క్రేన్లు
మోకాళ్ళ దాకా నీళ్ళలో దిగి నిలబడ్డ కొంగలు.
ఏ పెట్టె ఎక్కడ దించాలో వాటి చెవిలో చెప్పేది
మేం రాసే ప్రోగ్రామే.

జెమోవిత్ కోడ్ రాయడు, చెక్కుతాడు.
ఒక్క వేరియబుల్ పేరు కోసం
పూటంతా టీ చల్లారబెట్టుకుంటాడు.
ఎవరూ చూడని చోట కూడా
చొక్కా లోపలి కుట్టు తిన్నగా ఉండాలనే దర్జీ రకం.
"ఇది చదివేదెవరయ్యా" అంటే
"యంత్రం కాదు" అంటాడు, అంతే.

బొగుమిలా నాలుగు కొట్టగానే కోటు తొడుక్కుంటుంది.
"నాకు దీని మీద ప్రేమా లేదు, పగా లేదు,
ఇంటి అప్పుంది" అంటుంది.
కూటి కోసం కోటి విద్యలైతే
ఇది తనకు తగిలిన కోటీ ఒకటోది.
ఊరి చివర ఆరు తేనెటీగల పెట్టెలున్నాయి.
వాటి సంగతి అడిగామా,
బస్సు తప్పిపోయేదాకా చెబుతుంది.

కుర్రాడు తిమోన్‌కి పాతదంతా పడగొట్టాలని.
వారానికో కొత్త భాష,
లాప్‌టాప్ మూత మీద చోటు చాలనన్ని స్టిక్కర్లు.
మొన్న సిగ్గుపడుతూ చెప్పాడు:
పన్నెండేళ్ళప్పుడు తెర మీద ఒక చుక్కని
కదలమంటే కదిలిందట.
అప్పట్నుంచీ ఆ చుక్క వెనకే పరుగు.

నేనా? తప్పులు వెతికేదాన్ని.
కీబోర్డు మీద కొట్టినా సరే
ఎవరి చేతిరాత ఏదో పోల్చుకోగలను.

ఫిబ్రవరిలో ఒక రాత్రి
పదకొండో క్రేన్ ఆగిపోయింది,
నడిగాలిలో పెట్టె వేలాడుతూ.
కింద ఓడ. ఓడ మీద కెప్టెన్ తిట్లు.
జెమోవిత్ ఫోనెత్తలేదు.
తిమోన్ ఎత్తాడు గానీ
"మొత్తం తిరగరాద్దాం" అన్నాడు.

బొగుమిలా వచ్చింది,
నైటీ మీద కోటు, కాళ్ళకి రబ్బరు బూట్లు.
కుర్చీ లాక్కోలేదు, నిలబడే చదివింది.
జెమోవిత్ అంత అందంగా చెక్కిన చోట
ఖాళీ పెట్టెని కూడా ఎవరైనా మోస్తారన్న
ఊహే లేదు.
ఒక్క గీత చేర్చింది. వికారమైన గీత,
పట్టుబట్టకి గోనెపట్టా అతుకు.

"ఇంక వెళ్తా" అంది. వెళ్ళలేదు.
అద్దానికి నుదురానించి,
తన ఊపిరికి మసకేసిన చోటు అరచేత్తో తుడుచుకుంటూ
పెట్టె పూర్తిగా దిగేదాకా చూసింది.
తర్వాత నా వైపు తిరిగి
"అదనపు గంటలు రాయడం మర్చిపోకు. రెండు."
ముప్పావుగంటే అయింది. రెండే రాశాను.

మర్నాడు జెమోవిత్ ఆ అతుకు చూశాడు.
మొహం మాడ్చుకుని, తలుపేసుకుని
రెండు రోజులు కూర్చుని
అతుకు కనబడకుండా నేశాడు.
క్రేన్‌కి తేడా తెలీదు. ఓడలకీ తెలీదు.

నెలాఖరున బొగుమిలా అతని బల్ల మీద
చిన్న తేనె సీసా పెట్టి
నాలుగింటి బస్సుకి వెళ్ళిపోయింది.
మూత వంకరగా బిగించి ఉంది.
అతను దాన్ని విప్పి
తిన్నగా బిగించాడు.