మూడు పాళ్ళు, ఒక పాలు

డునెడిన్‌లో జూలై. హీటరు పక్కనున్నా వేళ్ళు వంగవు.
నూట అరవైమూడో పావురాన్ని
తల కిందికి పెట్టి పాత కాఫీడబ్బాలో దింపి తూస్తాను.
నాలుగువందల పన్నెండు గ్రాములు.
ఆకలి సరిగ్గా ఉంది, అని రాసుకుంటాను.
(ఆకలికి సరైన కొలత ఒకటుంటుందని
ఈ కొలువులో చేరాకే తెలిసింది నాకు.)

పెట్టెలో రెండు దీపాలు.
ఎర్రదాన్ని పొడుస్తూ ఉంటే
నిమిషానికోసారి గోధుమ, ఇంచుమించు.
పచ్చదాన్ని పొడిస్తే మూడు నిమిషాలకోసారి,
అదీ ఇంచుమించు.
కిటుకంతా ఆ ఇంచుమించులోనే ఉంది.
గంట కొట్టినట్టు పెడితే
గంట వేళకే వచ్చి పొడిచేది.
ఎప్పుడో చెప్పం గనక
ఎప్పుడూ పొడుస్తుంది.

తెలివైన పిట్టైతే
ఎర్రదాన్నే పట్టుకు కూర్చుంటుందనుకున్నాను కొత్తలో.
కూర్చోదు.
అన్నదమ్ముల వాటాలు తేల్చే పెద్దమనిషిలా
తన ముక్కుని తానే పంచిపెడుతుంది:
అటు మూడు పాళ్ళు, ఇటు ఒక పాలు.
సాయంత్రం పొడుపుల్నీ గింజల్నీ
పక్కపక్కన పెట్టి భాగిస్తే
తేడా వెంట్రుకవాసి.

ఆదివారం ముసలి తామతికి చెప్పానీ సంగతి.
గాలానికి ఎర గుచ్చుకుంటూ విన్నాడు.
అతను మూడు రోజులు రేవులో పడతాడు,
నాలుగోరోజు రాళ్ళ అవతల.
అవతల ఏముందని వెళ్తావ్?
"ఏం లేదు.
కానీ చాన్నాళ్ళు వెళ్ళలేదనుకో,
ఏదో ఒకటి వచ్చి చేరి ఉంటుంది."

పోయిన నెల
పచ్చదాని వెనక గోధుమ ఆపేశాం.
పథకం ప్రకారమే. పిట్టకి చెప్పలేదు.
మొదటిరోజు రెట్టింపు పొడిచింది,
లోపల ఎవరో నిద్రపోతున్నారన్నట్టు.
పదోరోజుకి తొమ్మిది.
ఇరవయ్యోరోజుకి రెండు.
నిన్న ఒక్కటి,
మధ్యాహ్నం రెండూపదికి,
దారిన పోతూ పోతూ
బాగున్నారా అన్నట్టు.

ఎందుకు అని రాసే గడి ఫారంలో లేదు.
కుడి: ఒకటి, అని రాశాను.

గూటికి చేరుస్తుంటే
అరచేతిలో దాని గుండె టకటకలాడింది,
రెండు దీపాల్నీ ఒకేసారి పొడుస్తున్నట్టు.
రేపట్నించి పచ్చదీపం ఉండదట.
ఆ చిల్లు మీద టేపు వేసేయమన్నారు.

ముక్క కత్తిరించి
బల్ల అంచుకి అంటించి పెట్టాను.
ఇంకా వేయలేదు.