రెండో కోత

మూడు నిమిషాలు తేడా వచ్చినా డిపోలో రాసుకుంటారు.
గోథెన్‌బర్గ్‌లో పదకొండో నంబరు ట్రామ్ నాది,
సముద్రం దాకా వెళ్ళి వెనక్కి.
తొమ్మిదేళ్ళలో నేను ఆలస్యమైంది రెండుసార్లే.
నా నెల కూడా అంతే,
ఒక్కసారీ తప్పదు.

తప్పాలనే కదా
నాలుగేళ్ళుగా ఎదురుచూస్తున్నాం
నేనూ, టోర్కెలూ.

మొదటిసారి పొట్ట మీద మూడు గాట్లు పెట్టారు,
వేలిగోరంతవి.
ఇంత చిన్న కిటికీల్లోంచి అంత సామాను ఎలా తీశారని
టోర్కెల్ అడిగితే
నవ్వబోయి కుట్లు పట్టుకున్నాను.
తర్వాత పద్నాలుగు నెలలు నొప్పి ఊరెళ్ళింది.
ఆ వేసవి సైకిలు తొక్కాను,
రాత్రిళ్ళు బోర్లా పడుకున్నాను.
ఇవి గొప్ప సంగతులంటే ఎవరు నమ్ముతారు?
తిరిగొచ్చినప్పుడు అది తలుపు కొట్టలేదు,
తాళంచెవి దాని దగ్గరే ఉంది.

ట్రామ్‌లో ఒక పెడల్ ఉంటుంది.
కాలు తీస్తే బండి ఆగిపోతుంది, అలా కట్టారు దాన్ని,
డ్రైవరు కూర్చున్నచోటే పోయినా
జనం బతకాలని.
నొప్పి మెలితిప్పినప్పుడు
ఒళ్ళంతా ఎవరిదో అయిపోతుంది,
ఆ పాదం ఒక్కటే నాది.

మొన్న డాక్టర్ బహార్ తెర నావైపు తిప్పింది.
ఎడమ అండాశయంలో నాలుగు సెంటీమీటర్ల సిస్టు,
పాత రక్తం నిండి, చాక్లెట్ రంగులో ఉంటుందట.
(ఆ పేరు పెట్టినవాడికి నెలసరి వచ్చి ఉండదు.)
పేగు వెళ్ళి గర్భసంచికి అతుక్కుంది.
"తీసేయొచ్చు.
తీసేటప్పుడు పక్కనున్న అండాలూ కొన్ని పోతాయి.
ఎన్నో చెప్పలేను."
"తీయకపోతే?"
"అదీ చెప్పలేను."
అబద్ధమాడనందుకు ఆ చెయ్యి పట్టుకోవాలనిపించింది.
ఒక్కటివ్వాలనీ అనిపించింది.

ఇంకో దారీ ఉంది:
ముందు సూదులు, అండాలు తీసి చలిలో దాచడం,
కత్తి తర్వాత.
దాచడానికి ఎన్ని దొరుకుతాయో
అదీ చెప్పలేదు.
నాకు ముప్ఫై ఏడు.

బిడ్డ పోతే కడుపు కోత అంటారు.
బిడ్డ రాకుండానే నాకు ఒకటైంది,
రెండోదానికి తేదీ ఇస్తామంటున్నారు,
వీలు కాకపోతే ముందే ఫోన్ చెయ్యమంటున్నారు.

"నీ ఒళ్ళు, నీ ఇష్టం," అన్నాడు టోర్కెల్.
ప్రేమతోనే అన్నాడు, తెలుసు.
కానీ కదులుతున్న బండిలోంచి
తనొక్కడే దిగిపోయినట్టుంది.
ఆ రాత్రి అతను గిన్నెలు రెండుసార్లు కడిగాడు.

ఆదివారం గున్వోర్ పిన్ని ఫోన్ చేసింది పొలం నుంచి.
వానల గురించి, మోకాలి గురించి,
ఈసారి గడ్డి గురించి.
"రెండో కోత ఎప్పుడూ పలచనే," అంది,
"ఆవులు మాత్రం ముందు దాన్నే తింటాయి."
ఆమెకి నా పొట్ట సంగతి తెలుసో లేదో.
ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఆ మాట పట్టుకు కూర్చున్నాను.
తర్వాత వదిలేశాను.
గడ్డి మళ్ళీ మొలుస్తుంది, పిన్నీ.
నాలో మళ్ళీ మళ్ళీ మొలిచేది
ఎవరికీ మేత కాదు.

శుక్రవారంలోగా జవాబివ్వాలి.
కాగితం యూనిఫాం జేబులో ఉంది,
దాని కింద వేడినీళ్ళ సంచి.
రెండూ ఒకటే వెచ్చన.

సాల్ట్‌హోల్మెన్‌లో పట్టాలు అయిపోతాయి.
అవతల పడవలు, దీవులు, నవంబరు పొగమంచు.
లైట్లు వేసుకుని ఊరికే కూర్చున్నాను.
చేపల సంచీతో ఒక ముసలాయన అద్దం మీద కొట్టాడు:
"ఇది వెళ్తుందా, నిలబడిపోయిందా?"

గడియారం చూశాను.
"ఇంకా రెండు నిమిషాలుంది," అన్నాను,
"ఎక్కి కూర్చోండి, లోపల చలి ఉండదు."