పోయినవాటి గడి

ఇరవై రెండేళ్ళుగా చేపలు తూస్తున్నాను
లోల్వే సరస్సు ఒడ్డున, కిసుముకు దిగువన.
కాటా నాది కాదు, సంఘానిది.
పుస్తకమూ వాళ్ళదే.
అందులో మూడు గడులు:
పడవ పేరు, కిలోలు, ఇచ్చిన సొమ్ము.

నాలుగో గడి ఏదని అడిగింది అలువోచ్.

సైకిలు మీద ఉప్పు ప్యాకెట్లు అమ్ముకునే మనిషి.
ఓ మధ్యాహ్నం నా బల్ల ముందు ఆగి
పుస్తకం వైపు కాక, నా వెనక్కి చూసింది,
మెత్తబడ్డ చేపల్ని పారబోసే చోటికి,
పెద్ద ముక్కుల కొంగలు తీరిగ్గా భోంచేసే చోటికి.
"ఒగ్వేనో, రోజుకి ఎన్ని కిలోలు వాటికి పెడుతున్నారు?"
నవ్వాను. పోయినదాన్ని ఎవడు తూస్తాడు?
"నువ్వు తుయ్యి. ఒక్క వారం."
తూశాను.
ఆదివారం ఆ అంకె చూశాక
నాకు ముద్ద దిగలేదు.

మొదటి ఐసు దిమ్మలు పట్నం నుంచి వచ్చాయి
మోటారు సైకిలు వెనక, గోనెపట్టా చుట్టుకుని.
రేవుకి గోనెపట్టా ఒక్కటే చేరింది.
పెట్టుబడి నీళ్ళపాలైందని
మాటవరసకి అంటుంటాం.
ఆ రోజు కళ్ళారా చూశాం,
ఇసుకలోకి ఇంకుతూ, నెమ్మదిగా.
పడవలవాళ్ళు పొట్టచెక్కలయ్యేలా నవ్వారు.
ఆమె గోనెను పిండి ఆరేసి
దారిలో ఎన్ని నిమిషాలు పట్టిందో కుర్రాణ్ణి అడిగి
అరచేతి మీద రాసుకుంది.

రెండోసారి,
శవపేటికలు చేసే వడ్రంగి దగ్గర్నుంచి రంపంపొట్టు తెచ్చింది.
ఊడ్చే కూలి మిగిలిందని ఊరికే ఇచ్చాడట.
సగం దిమ్మ మిగిలింది.
మూడోసారి ముప్పాతిక.
బోణీ మాత్రం కాలేదు.
"ఐసుని కాల్చుకు తింటామా?" అన్నారు.
అప్పుడంది:
"నేనమ్మేది ఐసు కాదు.
నాలుగు గంటలు."

పొద్దున ఏడింటికి లారీ వస్తుంది.
లారీవాడు చెప్పిందే ధర,
ఎందుకంటే ఎండ వాడి పక్షం.
పదకొండు దాకా ఆగగలిగిన చేప
బేరమాడుతుంది.

ముందుగా ఆగింది ముసలి అపోండి,
ఒక పాత పడవ, రెండు అతుకుల వలలు ఉన్న మనిషి.
లారీ కదిలిపోతుంటే పెదవి కొరుక్కుంటూ నిలబడింది.
పదిన్నరకి హోటలు మనిషి వచ్చి
కిలోకి ముప్పై షిల్లింగులు ఎక్కువిచ్చాడు.
ఆమె నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి
మూడోసారి నా కాటా మీద పెట్టింది,
తూగుతాయేమో చూద్దామని.

తర్వాత లారీవాడే ఐసు తెచ్చాడు, ఉచితంగా.
నెల రోజులు.
ఉచితం ముందు ఎవరు నిలుస్తారు?
అపోండి కూడా అటే వెళ్ళింది.
అలువోచ్ ఖాళీ పెట్టె మీద కూర్చుని
వేరుశనగలు ఒలుచుకుంటూ వాడి ఐసుని చూసేది.
రాత్రుళ్ళు ఏడ్చేదని నా భార్య అంటుంది. నేను చూడలేదు.
నేను చూసింది, ఓ సాయంత్రం
వలలు సర్దుకుంటున్న పడవల్లోకి
ఆమె పెట్టెలు ఎక్కించడం.
చేప చచ్చేది ఒడ్డున కాదుగా, నీళ్ళ మీద.
లారీ అంతదూరం ఈదలేదు.

మా భాషలో అలువోచ్ అంటే
మబ్బు పట్టిన రోజున పుట్టినది.
మబ్బు రోజున ఐసు ఎవరికీ అక్కర్లేదు.
ఇవాళ మబ్బే.
పెట్టెలు నిండుగా ఉన్నాయి, కరుగుతున్నాయి.
ఓదార్చాలని నేను గొంతు సవరించుకునేలోపు
జ్యూసు బండి కుర్రాణ్ణి అడుగుతోంది:
"మబ్బు రోజున నువ్వేం అమ్ముతావు?"
"టీ. కానీ రేవు దాకా తెచ్చేసరికి చల్లారిపోతుంది."
ఆమె రంపంపొట్టులోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి
అలా ఉండిపోయింది.
చల్లదనాన్ని పట్టి ఉంచేది
వేడిని మాత్రం వదిలేస్తుందా?

నేను కాటా తుడిచాను.
ఈ మధ్య నా డబ్బుతో కొన్న పుస్తకం తెరిచి
గీతలు గీశాను, నాలుగు గడులకి.
మొదటి మూడింట్లో ఏం రాయాలో ఇంకా తెలీదు.
నాలుగోది నింపేశాను:
ఇరవై రెండేళ్ళు.