ఎడమ దిక్కు

గడియారం సెంటర్ల, సైకిళ్ల కొట్టు మీది గదిల
ఈదయ్య మామ తలకు పెట్టె కట్టిన.
కండ్లకు అద్దాలు, చెవులకు డిప్పలు.
వెనక పట్టీ బిగిస్తుంటే
"బర్రెకు పలుపేసినట్టు కడుతున్నవేందే" అన్నడు.

లోపల నేను చేసిన చెలక ఉన్నది.
ఎనిమిది నెలల పని.
తూర్పున కంప్రెషర్, పడమట కంకర మిషిన్,
వెనక తంగేడు పొదల కముజు పిట్ట,
ఎడమ పక్కన, ఇరవై అడుగుల దూరంల
రాడ్లు లేపే గొలుసు తెగబోయే ముందరి కిర్రు.
బోరు బండి మీదికి కొత్తగ వచ్చే పోరగాండ్లు
ఆపద ఎటునుంచి వస్తుందో
చూడకముందే చెవితోటి పట్టాలని కట్టిన బడి ఇది.

చప్పుడు ఒక చెవికి ముందు ముడుతది,
ఇంకో చెవికి జర ఆలస్యం.
రెప్పపాటును మున్నూరు ముక్కలు చేస్తే
అండ్ల ఒక్క ముక్కంత.
నడుమ తల అడ్డం ఉంటది గదా,
చప్పుడుకు గూడ నీడ పడుతది.
ఆ నీడను కొలిచి, అంకెల్ల పోసి
ఉత్త గాలికి దిక్కులు కుట్టిన.

"ఎటు నుంచి వస్తుంది మామ?"
"కుడి దిక్కు."
"ఇది?"
"కుడి."
"పిట్ట?"
"అన్నీ కుడే కోడలా.
ఊరంత ఒక్క దిక్కే కట్టినవా ఏంది?"

మర్చిపోయిన.
మునుగోడు, మర్రిగూడ, చండూరు,
ఎన్ని చెలకలకు తూట్లు పొడిచిండో లెక్క లేదు.
ఇరవై రెండేండ్లు కంప్రెషర్ పక్కన నిలబడి
ఎడమ చెవిని ఆ ఇనుముకే ఇచ్చి వచ్చిండు.
పెండ్లి ఫొటోల ముత్తమ్మత్త ఎడమ పక్కన ఉన్నది.
ఆ తర్వాత దిగిన ప్రతి ఫొటోల
కుడి పక్కనే.

ఆయన ఊకోలే.
తల మెల్లగ తిప్పిండు,
గింజను చూసే కోడి లెక్క
ఇటు కొంచెం, అటు కొంచెం.
కిర్రు పెరిగింది, తగ్గింది, మళ్ల పెరిగింది.
ఆగిండు. చెయ్యి చాపిండు.
సరిగ్గ గొలుసు కాడికే.
రెండు చెవులకని నేను రాసిన లెక్కను
ఒక్క చెవితోటి, మెడతోటి చేసిండు.

నేను గబగబ బుక్కుల రాసుకుంటుంటే
పక్క గోడ దిక్కు వేలు చూపిండు.
"అండ్ల బండి పోతుంది."
అక్కడ నేనేం పెట్టలే.

కిటికీ తీసిన.
దేవరకొండ రోడ్డుకు మర్లుతున్నది
నిజం బోరు బండి,
తమిళ అక్షరాలు, వెనక ఊగే నిమ్మకాయలు.
"డిప్పలున్నయి గదా, ఎట్లిన్నవ్ మామ?"
"ఇన్లే. కాళ్లకు తెల్సింది."

బండ తగిలితే మడిమెల జుమ్మంటదట.
నీళ్లకు ముందు నేల మెత్తగ వణుకుతదట,
దూడ ఒళ్లు ఇదిలించుకున్నట్టు.
"అట్ల ఎన్నిసార్లు?"
జరసేపు మాట్లాడలే.
"నీళ్లు పడ్డయి తక్కువనే.
దుమ్ము లేసినయే యాదికున్నయి.
రైతు మొఖం చూడకుంట
రాడ్లు ఇప్పుకునుడు ఉంటది చూడు,
అది పెట్టినవా ఇండ్ల?"

పెట్టలే.
దిక్కులు పెట్టిన, దూరాలు పెట్టిన,
గుట్టకు తగిలి మర్లొచ్చే మోత గూడ పెట్టిన.
పాదాల కింద ఏం లేదు.
నా చెలక గాలిల ఉన్నది.

పట్టీ ఇప్పినంక నుదుటి మీద ఎర్రటి గీత.
రుద్దుకుంట కూసున్నడు,
చాయ్ చల్లారింది.
కింద, మెట్ల కాడ నుంచి ముత్తమ్మత్త
"అయిందా? బస్సు పోతది" అని పిలిచింది.

ఆయన మెట్ల దిక్కు చూడలే.
ముందు నా మొఖం చూసిండు,
అది ఎటు మర్లిందో చూసి
అటు మర్లిండు.