మూడో అచ్చు

పత్రికలు కోయంగ మిగిలిన అట్టముక్కలు
ప్రెస్సు వెంకులు సంచిలో పోసిస్తడు, కిలో ఇరవై.
పేకముక్కంత కొలత బెట్టి కోస్త.
కొన్నిటి వెనుక సగం వినాయకుడు.
కొన్నిటి అంచున “...మరియు విందు” అని
ఎవరిదో పెండ్లి తెగి ఉంటది.

నల్లగొండ గడియారం కాడ
అఫ్జల్ చిచ్చా రబ్బరు స్టాంపుల దుకాణం.
పగలంతా నోటరీలకు, డాక్టర్లకు, పాల సొసైటీలకు
పేర్లు తిరగేసి చెక్కుత.
పదకొండేండ్లాయె.
ఎడమ కుడి అయితది, కుడి ఎడమ;
అద్దంల చూసుకుంటేనే
నా మొఖం నాకు సక్కగ చదువొస్తది.

షట్టర్ సగం దించినంక నా పని.

ముందు తడి.
టీ డికాషన్ల దూది ముంచి అట్ట మీద ఒత్తుత,
మర్రిగూడ తోవల ఎండిన చెల్క రంగు వచ్చేదాక.
ఆరకముందే రాళ్లుప్పు నాలుగు పలుకులు.
ఉప్పు నీళ్లను దగ్గరికి పిలుస్తది,
పిలిచిన కాడల్లా ఒక తెల్ల మచ్చ పూస్తది.
కొవ్వొత్తి మొనతోని ఒక గీత,
కండ్లకు ఆనదు.
నీలిమందు పూసినప్పుడు
గీసిన కాడ రంగు నిలవదు,
గుట్ట అంచు లేచి కూసుంటది.
“దాచిపెట్టుడే గీసుడా పిల్లా?” అంటడు చిచ్చా.
నేనేమనాలె,
ఆయనకు ఉప్పు డబ్బా మూత పెట్టమని చెప్త.

ఇగ ఠప్పాలు.
బెండకాయ అడ్డంగ కోస్తే అయిదు రేకుల చుక్క.
పెన్ను మూత, వడగండ్లు.
పగిలిన గాజుముక్క, నెలవంక.
తెగిన చెప్పు అడుగున చెక్కిన కంజుపిట్ట.
ఊదా ప్యాడు మీద ఒక్కసారే అద్దుత.
మొదటి అచ్చు అరుస్తది.
రెండోది మాట్లాడుతది.
మళ్ల అద్దకుండ మూడోది గుద్దితే
సిరా అయిపోవస్తుంటే
రెక్క ఒక దిక్కు ఉండీ లేక
పిట్ట అప్పుడే ఎగిరినట్టుంటది.
నాకు మూడోదే కావాలె.

మొన్న ఆషాఢం వానల సైదమ్మొచ్చింది
చెంగుల ముడితోని.
“పదవి అయిపోయింది బిడ్డా.
గిది ఈడనే చెక్కిచ్చిండ్రంట.
రబ్బరుకు పైసలేమన్న వస్తయా?”
ముడి విప్పితే సర్పంచు మొహరు.
ఆమె పేరు, కింద ఊరు, నడుమ చుక్క.
గుండ్రం ఒక దిక్కు అరిగింది.
ఎన్ని కాయిదాల మీద గుద్దినవవ్వా, అంటే
నవ్వింది.
“నేనేడ గుద్దిన?
అది ఆయన జేబుల ఉండె.
నాది నిశాని.
ఆడ పెట్టుమంటె ఆడ పెట్టిన వేలు.”

చెల్క రంగు అట్ట ఒకటి ముందట పెట్టిన.
ప్యాడు మూత తీసిన.
మొహరు తలకిందులుగ పట్టుకుంది,
నేను సరిజేయలే.
పసిదాని నుదుటి మీద జరం చూసినట్టు
చెయ్యి ఉంచి, ఉంచి,
ఒత్తింది.
“మళ్లనా?”
మళ్ల. ప్యాడు మీద అద్దకు.
రెండు.
మూడు.
మూడోసారి పేరు పోయింది,
ఊరు పోయింది,
అరగని దిక్కు గుండ్రం ఒకటి మిగిలింది
పక్కన ఆమె వేలి ఊదాతోని.
పొద్దు పొడుస్తున్నట్టుంది, అన్నది.
వాన పెద్దగైతున్నట్టుంది, అన్నడు చిచ్చా
రోడ్డు దిక్కు చూసి.

రబ్బరు పైసలు తీయబోతే
మొహరును మళ్ల చెంగుల ముడేసుకున్నది.
“సున్నమేసిన గోడున్నది ఇంట్ల” అని
దేవరకొండ బస్సుకు ఉరికింది.

అట్ట బల్ల మీదనే మరిచింది.
ఉప్పు దులిపి, తేదీ వేద్దామని తిప్పిన.
వెనుక బంగారు అక్షరాల
“చి.ల.సౌ.” అని ఉంది.
తర్వాతది కత్తెరకు పోయింది.