సున్నాకి అవతలి గట్టు

ఐసు ఫ్యాక్టరీ మేడ మీద సొసైటీ ఆఫీసు.
కిటికీలోంచి నరసాపురం రేవు,
అవతల సఖినేటిపల్లి, మధ్యలో పంటు.
నాకు అప్పజెప్పిన పని చిన్నదే:
పడవల వాళ్ల పుట్టిన తేదీలు
కంప్యూటర్లోకి ఎక్కించడం.

మొదటి రోజే నూట పద్నాలుగు మంది
ఒక్క నిమిషంలో పుట్టేశారు.
పంతొమ్మిది వందల డెబ్బై, జనవరి ఒకటి,
పొద్దున్న ఐదున్నర.

తప్పు నాదే.
గడి ఖాళీగా ఉంటే సున్నా అనుకుంటుంది నా కోడు.
సున్నా అంటే ఎక్కడో దూరదేశపు అర్ధరాత్రి,
మన రేవు చేరేసరికి ఐదున్నర అవుతుంది.

పెమ్మాడి ధనకోటి వచ్చి
కుర్చీ అంచున కూర్చున్నాడు.
"గాలివాన పోయాక మూడో అమాసండి.
పోటు తిరిగి పాటు లాగుతున్న వేళంట.
అప్పుడే మా మేనత్త దీపం పెట్టిందంట."
ఏ గాలివాన?
"ఆయ్, అదేనండి. కొబ్బరిచెట్లన్నీ పోయిందే, అది."

నా దగ్గరున్న తేదీలో
సెకనులో వెయ్యోవంతుకీ చోటుంది,
"సుమారుగా" అన్నదానికి లేదు.
రోజుల్ని ఒకటి నుంచి లెక్కపెడుతుంది,
నెలల్ని సున్నా నుంచి. ఎందుకో అడక్కండి.
ఫిబ్రవరి ముప్పై అని ఇచ్చి చూశాను,
నోరెత్తకుండా మార్చి రెండు చేసేసింది.
పంచాంగమే నయం,
తిథి లోపిస్తే లోపించిందని రాస్తుంది.

ఇద్దరం అమావాస్యలు వెనక్కి లెక్కపెట్టాం,
ఆయన వేలి కణుపుల మీద, నేను కీబోర్డు మీద.
నలభై తొమ్మిది చివరో, యాభై మొదట్లోనో తేలింది.
తెర మీద పడింది:
మైనస్ అరవై మూడు కోట్ల చిల్లర సెకన్లు.

"మైనస్సంటే అప్పా అండి?"
కాదు తాతా, నువ్వు సున్నాకి అవతలి గట్టున పుట్టావు.
"మరి సున్నా ఎప్పుడొచ్చిందండి?"
చెప్పాను.
కాసేపు రేవు వైపు చూశాడు.
"నాకప్పుడు ఇరవయ్యేళ్లు.
ఆ చలికాలమే మా నాన్న నాకు చుక్కాని ఇచ్చాడు."
పొద్దున్నేనా?
"పొద్దున్నేనండి. ఇంకా చీకటి పోలేదు."

ఆ సాయంత్రం ఒక గడి కొత్తగా చేర్చాను,
"మాటల్లో" అని పేరు పెట్టి.
ఎన్ని అక్షరాలైనా పడతాయి.
మిగిలిన నూట పదమూడు మందినీ మళ్లీ పిలవాలి.
రేపు ఎప్పుడొస్తారని కబురు పెడితే
పోటు తిరిగాక అన్నారు.
అలారం పెడదామని ఫోను తీశాను,
అది అడుగుతోంది, ఎన్ని గంటలకని.