పెడచెవి

దీనికి సీటు ఉండదు, యిల్డౌ. వెతక్కు.
నిలబడే వెళ్ళాలి.
నడకా కాదు, పరుగూ కాదు,
గాలిలో మెట్లెక్కుతున్నట్టుంటుంది.
ఎంత ఎక్కినా పై అంతస్తు రాదు.

హార్లింగన్ రేవులో ముప్ఫై ఒక్కేళ్ళు
తూము తలుపులు తెరిచాను, మూశాను.
పడవలు పోయాయి. మోకాళ్ళు మిగిలాయి,
అవీ అరిగి.
పరిగెత్తొద్దన్నాడు డాక్టరు.
ఇలా తేలుతూ పోవద్దని మాత్రం అనలేదు.

కిందికి దిగి ఉన్న మెట్టు మీదే ముందు కాలు పెట్టు.
పైదాని మీద పెడితే అది జారుతుంది,
నువ్వు దాని వెంట.
రెండో కాలితో నేలని ఒక్క తోపు తొయ్యి,
అప్పుడు ఎక్కు.
చూపు పాదాల మీద వద్దు,
కరకట్ట చివరిదాకా పరుచు.
పడమటి గాలి లేచిందా, నువ్వే తెరచాప,
దింపడానికి తాడుండదు.
మోచేతులు వదులుగా ఉంచు,
పిడి మీద పట్టు కోడిగుడ్డు పట్టుకున్నంతే.
మలుపు రాకముందే వేగం తగ్గించు,
పొడుగు బండి, నావలాగే నింపాదిగా తిరుగుతుంది.
రెండు బ్రేకులూ కలిపి, మెల్లిగా, ఒళ్ళు వెనక్కి వాల్చి.
ముందుదొక్కటే నొక్కావంటే
బండి ఆగుతుంది, నువ్వు ఆగవు.

హెల్మెట్ పెట్టుకుంటే ఈ ఊళ్ళో నవ్వుతారు.
నవ్వనీ. నవ్వులకి కుట్లు పడవు.

గొర్రెలకి గంట కొట్టకు.
బెదిరి సరిగ్గా చక్రం ముందుకే వస్తాయి.
మాట్లాడు. ఏదో ఒకటి.
నేనైతే ఆ రోజు ఆటుపోట్ల వేళలు చెబుతాను.
శ్రద్ధగా విని పక్కకి తప్పుకుంటాయి.

ఇక, ఇంటికొచ్చాక.
ఇదే నువ్వు ఎగ్గొట్టేది, నాకు తెలుసు.
పొడిగుడ్డతో ఆ రెండు పట్టాలూ తుడువు,
మెట్ల కింది బుల్లి చక్రాలు దొర్లేది వాటి మీదే.
ఒక్క ఇసుకరేణువు చాలు, గరగర మొదలు.
పట్టాలకి నూనె వద్దు. గొలుసుకే.
లంకెకో చుక్క, పైన మిగిలింది తుడిచెయ్యి.
ఉప్పుగాలికి ఇనుమంటే మహా ఇష్టం,
ఒక్క రాత్రి బయట వదిలావో
పొద్దున్నకి ఎర్రగా ముద్దులు పెట్టి ఉంటుంది.
టైర్లు ప్రతి సోమవారం. పంపు తలుపు వెనక ఉంది.

నెలకోసారి వోబె కొట్టు దగ్గర ఆగు.
ఎందుకో విను.

పోయిన అక్టోబరులో
ఎడమకాలు దిగినప్పుడల్లా
టిక్.
మళ్ళీ
టిక్.
నా మోకాలే అనుకున్నాను.
దాని గోల నాకు అలవాటే.
పదకొండు రోజులు పెడచెవిన పెట్టాను.
పన్నెండోనాడు మూడో గేటు దగ్గర
ఎడమ మెట్టు ఊడి
నాకంటే ముందు గడ్డిలోకి వెళ్ళింది.
మణికట్టు విరిగింది.
గొర్రెలు చుట్టూ చేరాయి,
ఈవిడ ఇవాళ వేళలు చెప్పదేమని.

వోబెకి చెవులు పోయి నాలుగేళ్ళు.
ఓడల ఇంజన్ గదుల్లో ఒక్కో ఏడూ కొంచెం కొంచెంగా
అక్కడే వదిలేసి వచ్చాడు.
బండిని కొక్కేనికి తగిలించి,
కొత్త బోల్టు బిగించి,
మెట్లని చేత్తో తిప్పుతూ
చట్రానికి రెండు వేళ్ళు ఆనించాడు,
నాడి చూసినట్టు.
కళ్ళు మూసుకున్నాడు.
"కుడివైపు కూడా" అన్నాడు,
తన గొంతు తనకి వినపడని వాళ్ళు అనేంత గట్టిగా.
కుడివైపు నాకేమీ వినపడలేదు.
పానా వేస్తే
ఆ బోల్టు పావుచుట్టు తిరిగింది.

రెండు చెవులున్న నేను పెడచెవిన పెట్టింది
ఆ మనిషి వేలికొసన విన్నాడు.

డబ్బివ్వబోకు, తీసుకోడు.
పొగబెట్టిన ఈల్ చేప అయితే
వద్దు వద్దంటూ తీసుకుంటాడు.

ఈ చెయ్యి ఇంక బ్రేకు పూర్తిగా పట్టదు.
అందుకే నీకిస్తున్నా, జాలిపడి కాదు,
నీ పదిహేనో పుట్టినరోజని అసలే కాదు.
కట్ట వైపు కిటికీ తెరిచి కూర్చుంటాను.
నువ్వు వెళ్తున్నట్టు నాకు వినపడకూడదు.
వినపడ్డావా,
అక్కడికక్కడే దిగి, నడిపించుకుంటూ వెనక్కి రా.

సరే, వెళ్ళు.
గేటు మాత్రం వేసి వెళ్ళు.